దీపానికో చిరునామా

కొత్తగా కట్టిన ఒక ఆఫీసు భవనంలో, ఒక అంతస్తు పైకప్పుకు అరవై దీపాలు బిగించారనుకుందాం. అన్నీ ఒకే కర్మాగారంలో తయారై, ఒకే లారీలో వచ్చి, ఏ పెట్టె ముందు చేతికి తగిలితే ఆ పెట్టెలోంచి తీసి బిగించినవి. వాటన్నిటినీ ఒకే ఒక్క జత సన్నని తీగలు కలుపుతున్నాయి. ఆ తీగల కొసన, ఎక్కడో ఒక చిన్న గదిలో, నియంత్రణ పెట్టె ఉంది. కిటికీల పక్కనున్న పన్నెండు దీపాలు ఎండ వేళ సగానికి తగ్గాలి. సమావేశపు గదిలోని ఆరు, తెర మీద బొమ్మ పడినప్పుడు మసకబారాలి. మెట్ల దగ్గరి రెండు, కరెంటు పోయినా వెలగాలి. ఇవన్నీ జరగాలంటే నియంత్రణ పెట్టె ఏ దీపాన్నైనా విడిగా పిలవగలగాలి. పిలవడానికి పేరు కావాలి. పెట్టెలోంచి తీసినప్పుడు ఏ దీపానికీ పేరు లేదు.

చూడటానికి ఇది చిన్న పనే. కానీ అరవై దీపాలూ ఒకే తీగ మీద ఉన్నాయి కనుక నియంత్రణ పెట్టె ఏ మాట అన్నా అరవైకీ ఒకేసారి వినబడుతుంది. "నీ పేరు సున్నా" అంటే అరవై దీపాలూ ఆ పేరే పెట్టుకుంటాయి. "నువ్వు కాదు, నీ పక్కది" అనడానికి వీల్లేదు. తన పక్కన ఎవరున్నారో ఏ దీపానికీ తెలియదు. పేరు పెట్టాలంటే ముందు ఒక్కదాన్ని విడదీసి పిలవాలి, విడదీసి పిలవాలంటే ముందు దానికొక పేరుండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇలాంటి పరిస్థితికే పుట్టింది.

ఈ ముడిని దీపాల పరిశ్రమ చాలా అందంగా విప్పింది. అయితే దాని వెనకే మరో ముడి ఉంది. అది మాత్రం ఈనాటికీ నిచ్చెన ఎక్కే మనిషి చేతిలోనే ఉంది.

తీగే చిరునామా అయిన రోజులు

ఇళ్ళలో ఈ సమస్య ఎప్పుడూ రాలేదు. వంటింటి స్విచ్చి నుంచి వంటింటి దీపానికి ఒక తీగ వెళుతుంది. ఆ తీగే దాని చిరునామా. పెద్ద ఆఫీసుల్లోనూ చాలాకాలం ఇంతే. వెలుగును తగ్గించడం, పెంచడం కావలసివచ్చినప్పుడు, 1 నుంచి 10 వోల్టుల మధ్య మారే వోల్టేజిని మరో జత తీగల మీద పంపేవారు. ఎన్ని గుంపులు కావాలంటే అన్ని జతలు. అద్దెకున్న కంపెనీ ఖాళీ చేసి, కొత్తగా వచ్చినవాళ్ళు లోపలి గోడలు జరుపుకుంటే, పైకప్పు విప్పి తీగలు మళ్ళీ లాగవలసిందే. గోడ జరగడం ఒక పూట పని. దానివెంట తీగలను జరపడం వారాల పని.

1990లలో యూరప్‌లోని బ్యాలస్టుల తయారీదారులు కలిసి దీనికొక ఉమ్మడి పరిష్కారం వెదికారు. బ్యాలస్టు అంటే మన ఇళ్ళలో ట్యూబులైటుకు ఉండే చోకే. కాకపోతే ఎలక్ట్రానిక్ చోకు. ఆ చోకులోనే ఒక చిన్న ప్రాసెసరు పెట్టి, అది అంకెల రూపంలో ఆజ్ఞలు వినేలా చేశారు. ఆ భాష పేరు డాలీ. మొదట ఇది ఫ్లోరొసెంట్ దీపాల బ్యాలస్టులకు సంబంధించిన ఐఈసీ 60929 అనే అంతర్జాతీయ ప్రమాణానికి ఒక అనుబంధంగా ఉండేది. 2009 నుంచి ఐఈసీ 62386 అన్న సంఖ్యతో విడి ప్రమాణంగా వెలువడుతోంది. 2014లో దాన్ని సవరించి, స్విచ్చులకూ సెన్సర్లకూ కూడా అందులో చోటిచ్చారు; డాలీ-2 అంటున్నది ఆ సవరణ తరువాతి తరాన్నే. ఇప్పుడు ట్యూబులైట్లు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి, చోకు స్థానంలో డ్రైవరు వచ్చింది. భాష మాత్రం మారలేదు.

ఈ భాష చాలా నెమ్మదైనది. సెకనుకు 1200 బిట్లు. ఇంట్లో ఇంటర్నెట్ సెకనుకు కోట్ల బిట్లు మోస్తున్న కాలంలో ఇది ఎడ్లబండి నడక. కానీ ఆ నెమ్మదిలోనే దాని సౌలభ్యం ఉంది. మామూలు కరెంటు తీగలే చాలు, మెలిపెట్టిన ప్రత్యేకమైన తీగ అక్కరలేదు. వరుసగా లాగినా, చెట్టు కొమ్మల్లా చీల్చినా పనిచేస్తుంది. దీపం వైపు రెండు తీగలూ తారుమారైనా ఏమీ కాదు. 300 మీటర్ల దాకా పోవచ్చు. భవనం కట్టే చోట, దుమ్ములో, తొందరలో, పొరపాటు జరగడానికి వీలైనన్ని దారుల్ని ముందే మూసేశారు.

నెమ్మది భాషలో మాట పొట్టిగా ఉండాలి. డాలీలో దీపానికి వెళ్ళే ఒక ఆజ్ఞ 16 బిట్లు: మొదటి 8 ఎవరికన్నది చెబుతాయి, తరువాతి 8 ఏం చేయాలన్నది. ఆ మొదటి ఎనిమిదిలో ఒకటి, పిలుస్తున్నది ఒక్క దీపాన్నా, గుంపునా అని తేల్చడానికి పోతుంది. మరొకటి, వెనక వచ్చేది వెలుగు మట్టమా, ఆజ్ఞా అని చెప్పడానికి. మిగిలినవి ఆరు. ఆరు బిట్లతో 64 సంఖ్యలు మాత్రమే రాయగలం. ఒక తీగల జత మీద 64 దీపాలకు మించి ఉండకూడదన్న ప్రసిద్ధమైన పరిమితి ఇక్కడినుంచి వచ్చిందే. వేరే దీపాలు కావాలంటే వేరే జత లాగాలి, దానికి మళ్ళీ సున్నా నుంచి లెక్క. అయిదువేల దీపాలున్న భవనానికి ఇలాంటి లైన్లు కనీసం 79 కావాలి. అంటే "17వ దీపం" అన్న మాటకు ఆ భవనంలో అర్థమే లేదు. ప్రతి లైనులోనూ ఒక 17 ఉంటుంది. ఫలానా అంతస్తు, ఫలానా లైను, అందులో 17 అనాలి. ఊరు చెప్పకుండా వీధి పేరు చెప్పినట్టే.

మరో మెలిక కూడా ఉంది. స్విచ్చులకు, సెన్సర్లకు వేరే చిరునామాల పట్టిక, అదీ 64 దాకా. వాటితో మాట్లాడే ఆజ్ఞలు 24 బిట్లవి కాబట్టి దీపాల ఆజ్ఞలతో కలిసిపోవు. అందుచేత ఒకే తీగ మీద 5 అనే దీపమూ, 5 అనే స్విచ్చూ తగవు లేకుండా బతుకుతాయి. తగవు వచ్చేది వాటి గురించి ఫోనులో మాట్లాడుకునే ఇద్దరు మనుషుల మధ్య.

పేరు పెట్టే పద్ధతులు

ప్రపంచంలో యంత్రాలకు పేర్లు పెట్టే పద్ధతులు స్థూలంగా మూడు. మొదటిది, మనిషి తన చేతితో పెట్టడం. రంగస్థల దీపాల కోసం 1986లో పుట్టిన డీఎమ్‌ఎక్స్ 512లో ఇదే జరిగేది: ప్రతి దీపం వెనక చిన్న చిన్న మీటలు, వాటిని పైకీ కిందకీ నొక్కి సంఖ్య పెట్టాలి. యూరప్ భవనాల్లో విస్తారంగా వాడే కేఎన్‌ఎక్స్‌లో ప్రతి పరికరం మీదా ఒక బొత్తం ఉంటుంది. దాన్ని నొక్కిన పరికరం ఒక్కటే ఆ క్షణాన పేరుకు సిద్ధంగా ఉంటుంది, కంప్యూటరు దగ్గరున్న మనిషి అప్పుడు దానికి సంఖ్య ఇస్తాడు. నొక్కిన వేలికి పరికరం ఎక్కడుందో తెలుసు కనుక ఈ పద్ధతిలో పేరూ, చోటూ ఒకేసారి ముడిపడతాయి. ఇది దాని గొప్ప గుణం. గోడ మీది స్విచ్చులకు ఇది బాగా నప్పుతుంది. ఫాల్స్ సీలింగు వెనక, దీపపు డొక్కలో దాక్కున్న డ్రైవరుకు బొత్తం పెడితే ఎవరు నొక్కుతారు?

రెండోది, కర్మాగారంలోనే ఎవరిదీ ఎవరితోనూ కలవని పెద్ద సంఖ్యను చెక్కి పంపడం. కంప్యూటర్ల నెట్‌వర్క్ కార్డులకు ఉండే 48 బిట్ల సంఖ్య ఇలాంటిది. డీఎమ్‌ఎక్స్‌కు 2006లో జోడించిన ఆర్‌డీఎమ్‌లోనూ ఇదే పద్ధతి: 16 బిట్లు తయారీదారుకు, 32 బిట్లు ఆ పరికరానికి. అయితే ఏ తయారీదారుకు ఏ సంకేతమో పంచిపెట్టే పెద్దమనిషి ఒకరు ఉండాలి, అందరూ ఆయన మాట వినాలి.

మూడోది డాలీ ఎంచుకున్నది. పెద్దమనిషీ వద్దు, బొత్తమూ వద్దు. ప్రతి దీపాన్నీ తనకు తోచిన సంఖ్య ఒకటి తలచుకోమనడం.

తలచుకున్న సంఖ్య

నియంత్రణ పెట్టె ముందుగా "పేర్లు పెట్టబోతున్నాం" అన్న ఆజ్ఞ పంపుతుంది. ఒకసారి పంపితే దీపాలు లెక్కచేయవు. 100 మిల్లీసెకన్లలోపు అదే ఆజ్ఞ రెండోసారి రావాలి. తీగ మీద ఏదో చిటపట ఆజ్ఞలా వినబడి పేర్లన్నీ చెరిగిపోకుండా ఉండటానికి ఈ కట్టుబాటు. వేలంపాటలో మూడుసార్లు అడిగినట్టు ఇక్కడ రెండుసార్లు. అప్పటినుంచి పదిహేను నిమిషాలపాటు మాత్రమే దీపాలు పేర్లకు సంబంధించిన మాటలు వింటాయి. ఆ తరువాత వాటంతట అవే చెవులు మూసుకుంటాయి.

తరువాతి ఆజ్ఞ: "ఒక సంఖ్య తలచుకోండి." ప్రతి దీపమూ 24 బిట్ల సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుని మనసులో పెట్టుకుంటుంది. సంఖ్యను బయటికి చెప్పదు. చెప్పమన్నా లాభం లేదు, అరవై గొంతులు ఒకేసారి లేస్తే ఒక్క అంకె కూడా తెలియదు. కాబట్టి నియంత్రణ పెట్టె అవును, కాదు అని మాత్రమే జవాబుండే ప్రశ్నలు అడుగుతుంది: "మీలో ఎవరి సంఖ్య అయినా ఇంతకంటే ఎక్కువ కాకుండా ఉందా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే తీరులోనే మొత్తం కిటుకు ఉంది. అవును అనే దీపం తీగలను క్రమపద్ధతిలో కలిపి వదులుతుంది. కాదు అనేది మౌనంగా ఉంటుంది. తీగలను ఒకరు కలిపినా, నలభైమంది కలిపినా అవతలివైపు కనిపించేది ఒకటే: వోల్టేజి పడిపోవడం. జవాబులు ఒకదానిపై ఒకటి పడి చెడిపోయినా ఫరవాలేదు. ఏదో అలికిడి అయితే చాలు, కనీసం ఒకరున్నారని అర్థం. గొంతులు కలిసిపోవడమన్న చిక్కునే పనిముట్టుగా మార్చుకోవడం ఈ పద్ధతిలోని తెలివి.

చిన్న సంఖ్యలతో చూద్దాం. నాలుగు దీపాలు, 0 నుంచి 15 లోపు సంఖ్యలు తలచుకున్నాయి: 11, 3, 14, 6. "7కి మించనివారున్నారా?" 3, 6 రెండూ పలుకుతాయి. ఉన్నారు. "3కి మించనివారు?" ఉన్నారు. "1కి?" మౌనం. "2కి?" మౌనం. అయితే అన్నిటికంటే చిన్న సంఖ్య 3. నాలుగు ప్రశ్నల్లో తేలింది. ఇప్పుడు పెట్టె దగ్గర సరిగ్గా ఒక్క దీపానికే వర్తించే గుర్తు ఉంది. "3 తలచుకున్నదానా, ఇకమీదట నీ పేరు సున్నా" అంటుంది. తరువాత "నువ్వు ఆటలోంచి తప్పుకో" అంటుంది. మళ్ళీ మొదలు. 7కి అలికిడి, 3కి మౌనం, 5కి మౌనం, 6కి అలికిడి. అది 6, దాని పేరు ఒకటి. ఇలా చివరి దీపం తప్పుకున్నాక, ఎంత పెద్ద సంఖ్య అడిగినా మౌనమే ఎదురవుతుంది. బారసాల ముగిసింది.

నిజమైన ఆటలో సంఖ్య 24 బిట్లు కనుక ఒక్కో దీపానికి 24 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు ఆజ్ఞలు పడతాయి: 24 బిట్ల సంఖ్యను ఎనిమిదేసి చొప్పున మూడు ముక్కలుగా పంపాలి, ఆపైన అడగాలి. ఒక్కో ఆజ్ఞకు 16 మిల్లీసెకన్లు, మధ్యలో దాదాపు అంతే విరామం. లెక్కవేస్తే దీపానికి మూడు సెకన్ల పైచిలుకు, 64 దీపాలకు మూడున్నర నిమిషాలు. మారిన ముక్కను మాత్రమే మళ్ళీ పంపే తెలివైన పెట్టెకు అందులో సగం చాలు. ఎడ్లబండి మీద కూడా పని టీ తాగే లోపు అయిపోతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. రెండు దీపాలు ఒకే సంఖ్య తలచుకుంటే? 24 బిట్లతో సుమారు 1 కోటి 67 లక్షల సంఖ్యలున్నాయి. 64 దీపాల మధ్య జతలు 2016. భాగిస్తే, ఒక నిండు లైనులో ఎక్కడో ఒక జత కలవడానికి అవకాశం ఎనిమిదివేల మూడువందల్లో ఒకటి. అలాంటి నిండు లైన్లు వంద ఉన్న భవనంలో అది నూటికి ఒకటికి కాస్త పైన. 24 బదులు 16 బిట్లే వాడి ఉంటే ఒక్క లైనులోనే నూటికి మూడు అయ్యేది. పెద్ద భవనంలో రెండు మూడు లైన్లు ఖాయంగా చెడిపోయేవి. ఎనిమిది బిట్లు పెంచి ఆ బాధ చాలావరకు తప్పించారు.

కానీ ఈ లెక్క, దీపాలు నిజంగానే యాదృచ్ఛికంగా ఎంచుకుంటాయన్న నమ్మకం మీద నిలబడింది. ఒకే ప్రోగ్రాముతో నడిచే అరవై ప్రాసెసర్లకు ఒకే క్షణాన కరెంటు వచ్చింది. వాటిని ఒక సంఖ్య తలచుకోమంటే, ప్రోగ్రాము రాసినవాడు అజాగ్రత్తగా ఉంటే, అన్నీ ఒకే లెక్క చేసి ఒకే సంఖ్య తెస్తాయి. అందుకే మంచి తయారీదారులు క్రమసంఖ్యనో, సర్క్యూట్‌లోని సన్నని విద్యుత్ రొదనో ఆధారం చేసుకుంటారు. రెండు దీపాలు కలిసిపోతే అవి రెండూ కలిసి పలుకుతాయి, కలిసి ఒకే పేరు పుచ్చుకుంటాయి, కలిసి తప్పుకుంటాయి. పెట్టెకు అనుమానమే రాదు. పైకప్పు మీద అరవై దీపాలుంటే తెర మీద యాభైతొమ్మిది కనిపిస్తాయి. పైకప్పు వైపు చూసి లెక్కపెట్టే మనిషి ఉంటేనే ఆ తేడా బయటపడుతుంది.

సంఖ్యకూ చోటుకూ మధ్య

ఇప్పుడు ప్రతి దీపానికీ పేరుంది. కాని ఏ పేరు ఏ దీపానిది? సంఖ్యలు ఇచ్చింది యాదృచ్ఛికపు వరుసలో. పక్కపక్కన ఉన్న రెండు దీపాల్లో ఒకటి 7 కావచ్చు, రెండోది 41. కిటికీ పక్కది 12, మెట్ల దగ్గరిది 13. నియంత్రణ పెట్టెకు "41, ఆరిపో" అనడం వచ్చు. 41 ఎక్కడుందో తెలుసుకునే దారి లేదు. తీగకు దూరం తెలియదు, దిక్కు తెలియదు.

హైదరాబాదు పాతకాలపు ఇంటి నంబర్లను చూసి నవ్వుకోనివారుండరు: అడ్డగీతలతో వార్డు, బ్లాకు, ఇల్లు, మళ్ళీ ఏటవాలు గీతతో ఉపసంఖ్య. ఎంత చిందరవందరగా ఉన్నా, వాటిలో చోటు దాగి ఉంది. మొదటి అంకె చూస్తే ఏ ప్రాంతమో ఊహించవచ్చు. డాలీ సంఖ్యలో చోటు అణువంత కూడా లేదు. అందువల్ల ఈ దశలో మనిషి రంగంలోకి దిగక తప్పదు. కమిషనింగ్ ఇంజనీరు ల్యాప్‌టాప్ పట్టుకుని పైకప్పు కింద నిలబడతాడు. తెర మీద సున్నాను నొక్కుతాడు. ఎక్కడో ఒక దీపం మిణుకుతుంది. అది ఎక్కడుందో వెదికి, కాగితం మీది ప్లానులో ఆ చోట సున్నా రాసుకుంటాడు. తరువాత ఒకటి. దీపానికి నిమిషం చొప్పున వేసుకున్నా, అయిదువేల దీపాల భవనానికి ఎనభైమూడు గంటలు. అందులోనూ ఈ పని వచ్చేది నిర్మాణపు ఆఖరి వారాల్లో, తివాచీలు పరిచేవాళ్ళు, బల్లలు మోసేవాళ్ళు, తాళాలు బిగించేవాళ్ళు అందరూ అదే గదుల్లో ఉన్నప్పుడు. మిణికిన దీపం తలుపు అవతల ఉంటే కనిపించదు. కొన్ని తెరలు 0 నుంచి 63 అంటే, కొన్ని 1 నుంచి 64 అంటాయి. ఒకరి పట్టికను మరొకరు వాడినప్పుడు లైనంతా ఒక మెట్టు జరిగి కూర్చుంటుంది.

తప్పు జరిగితే ఏమవుతుంది? సమావేశపు గదిలో చీకటి చేయమంటే నడవాలో చీకటి పడుతుంది, నలుగురూ నవ్వుకుంటారు, సరిదిద్దుతారు. ఇలాంటి తప్పులు తమను తామే పట్టిస్తాయి. కంటికి కనిపించని తప్పు వేరే ఉంది. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 101 నియమావళి ప్రకారం అత్యవసర దీపాలను నెలకోసారి 30 సెకన్లు, ఏడాదికోసారి గంటన్నర పాటు బ్యాటరీ మీద వెలిగించి చూడాలి. బ్రిటన్‌లో బీఎస్ 5266 కూడా నెలవారీ, వార్షిక పరీక్షలు అడుగుతుంది. సొంత బ్యాటరీ ఉన్న డాలీ దీపాలు ఈ పరీక్షను తమంతట తామే చేసుకుని ఫలితం చెబుతాయి: 23 పాసైంది, 31 ఫెయిలైంది. ప్లానులో 31 అన్నది రెండో మెట్లదారి అని రాసి ఉండి, నిజానికి అది ఆరో మెట్లదారి అయితే, మనిషి వెళ్ళి రెండో మెట్లదారిలో చక్కగా ఉన్న బ్యాటరీని మార్చి వస్తాడు. మరుసటి పరీక్షలో 31 మళ్ళీ ఫెయిలైతే, కొత్త బ్యాటరీ మంచిది కాదనుకుంటాడు. ఈలోగా ఆరో మెట్లదారిలో దీపం చచ్చి ఉంటుంది. ఆ సంగతి కరెంటు పోయిన రాత్రి, మెట్లు దిగుతున్నవారికి తెలుస్తుంది.

అందుచేత పేర్లు పెట్టడం కంటే పట్టిక రాయడం పెద్ద పని. ఈ పట్టిక ఎక్కడుంటుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. డాలీలో ఒక మంచి ఏర్పాటు ఉంది: దీపం ఏ గుంపులకు చెందిందో, ఏ సన్నివేశంలో ఎంత వెలగాలో ఆ వివరం దీపపు డ్రైవరులోనే భద్రంగా ఉంటుంది. గుంపులు 16, సన్నివేశాలు 16. నియంత్రణ పెట్టె కాలిపోయి కొత్తది పెట్టినా "మూడో గుంపు, సగానికి తగ్గు" అంటే తగ్గుతాయి. కానీ "41 అంటే తూర్పు కిటికీ పక్కన మూడోది" అన్న ముక్క డ్రైవరులో ఉండదు. అది కమిషనింగ్ చేసిన కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, భవన యజమానికిచ్చిన ఫైళ్ళలో ఉంటుంది, లేదా ఉండదు. పని ముగిసిన పదేళ్ళకు ఆ ల్యాప్‌టాప్ ఎక్కడుందో వెదకబోయేవారికి సాధారణంగా నిరాశే.

మసాచుసెట్స్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో 2021 ఆగస్టు నుంచి ఏడాదికి పైగా సుమారు ఏడువేల దీపాలు రాత్రింబవళ్ళు వెలుగుతూనే ఉండిపోయాయి. ఇది 2023 జనవరిలో దేశమంతా వార్త అయింది. అక్కడ చెడింది దీపాల చిరునామాలు కాదు, వాటిని పిలిచే సాఫ్ట్‌వేర్. ఇలాంటి వ్యవస్థల్లో పిలిచే గొంతు ఆగిపోతే దీపాలు చీకట్లోకి పోకుండా వెలుగులో ఉండిపోయేలా ఏర్పాటు చేస్తారు, భద్రత కోసం. డాలీలోనూ తీగ మీద వోల్టేజి పోతే దీపం ముందుగా నిర్ణయించిన మట్టానికి వెళుతుంది. ఎవరూ మార్చకపోతే అది పూర్తి వెలుగే. ప్రతి దీపానికీ పేరున్నా పిలిచేవారు లేని భవనం అలా ఉంటుంది. గోడ మీద మామూలు స్విచ్చి ఒక్కటి ఉంటే బాగుండునని అక్కడివారికి అనిపించకుండా ఉండదు.

కొందరు ఇంజనీర్లు పట్టిక పూర్తయ్యాక ఇంకో పూట వెచ్చించి సంఖ్యలను మళ్ళీ సర్దుతారు: కిటికీ వైపు మూల నుంచి మొదలుపెట్టి 0, 1, 2, 3 అంటూ వరుసగా. యంత్రానికి దీనితో ఏ లాభమూ లేదు కనుక ఇది వృథా శ్రమ అనేవారున్నారు. నిజానికి ఆ పూట వృథా కాదు. పట్టిక పోయినా, వరుసలో రెండు దీపాలు గుర్తిస్తే మిగతావి ఊహించవచ్చు. దీపం పెట్టె మీదా, దీపం మీదా ఒకే బార్‌కోడ్ అతికించి, బిగించేటప్పుడే ఒక చీటీని ప్లాను మీద అంటించే పద్ధతి కూడా ఉంది. డాలీ-2 డ్రైవర్లలో కర్మాగారపు గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక నియంత్రణ పెట్టె దాన్ని చదివి చీటీతో పోల్చుకోగలదు. తీగలే లేని బ్లూటూత్ మెష్ దీపాల్లో 64 పరిమితి లేదు, ఒక నెట్‌వర్క్‌లో 32,767 చిరునామాలు ఇవ్వవచ్చు. అక్కడ కూడా ఫోను పట్టుకున్న మనిషి ఒక్కో దీపాన్ని మిణికించి చూసుకోవడం తప్పదు. అంకెలు ఎన్ని పెరిగినా చోటు వాటిలోకి రాదు.

పట్టిక సరిగ్గా ఉన్న భవనంలో మరమ్మతు ఎంత సులువో చూడాలంటే ఒక డ్రైవరు పాడయ్యేదాకా ఆగాలి. 17 పలకడం మానేసింది. ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసి కొత్త డ్రైవరు బిగించి వెళ్ళిపోతాడు. నియంత్రణ పెట్టె వరుసగా పిలిచి చూస్తుంది: 17 లేదు, పేరులేని దీపం ఒకటి కొత్తగా వచ్చింది. దానికి 17 అని పేరు పెట్టి, పాతదాని గుంపులూ, సన్నివేశాలూ అందులో నింపుతుంది. ఎవరినీ ఏమీ అడగదు. కొత్తది అన్నది ముఖ్యం. మరో భవనంలోంచి ఊడదీసిన పాత డ్రైవరు తన పాత పేరుతోనే వస్తుంది, ఇక్కడ ఆ పేరుగలది ఇంకొకటి ఉంటే ఇద్దరూ ఒకేసారి పలుకుతారు.

అదే రోజు 17, 42 రెండూ పోయి, రెండింటికీ కొత్త డ్రైవర్లు బిగిస్తే మాత్రం పెట్టె దగ్గర రెండు ఖాళీ పేర్లు, పేరులేని దీపాలు రెండు. మళ్ళీ సంఖ్య తలచుకోవడం, మళ్ళీ ప్రశ్నలు. ఏది ముందు చిక్కితే అది 17. సగానికి సగం అవకాశం, కిటికీ దీపం మెట్లకూ, మెట్ల దీపం కిటికీకీ వెళ్ళిపోవడానికి. మొదటి డ్రైవరు బిగించి, అది తన పేరు పుచ్చుకునేదాకా ఆగి, తరువాత రెండోదానికి నిచ్చెన జరిపే ఎలక్ట్రీషియన్‌కు ఈ చిక్కు రాదు. రెండూ ఒకేసారి మార్చినవాడు కింద నిలబడి, 17 అంటే ఏది మిణుకుతుందో చూసి రాసుకోవాలి.